తెడ్డు మీద తువ్వాలు

ఆ కాళ్ళు ఆ నటివి కావు. ముందు ఈ సంగతి తేలాలి. మిగతావన్నీ తర్వాత.

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మొన్న ఎవరో ఒక వీడియో పెట్టారు. పాతకాలపు ప్రకటనలు ఎలా తీశారో చెప్పే కార్యక్రమం అది. తెల్లగడ్డం పెద్దాయన ఒకరు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, ఒకప్పుడు మా పాలెంలో తీసిన చేపల పులుసు పొడి ప్రకటన గురించి చెబుతున్నాడు. మధ్యలో ఆ ప్రకటన కూడా చూపించారు. సముద్రం మీద పడవ. పడవలో ఎవరో ఎత్తిపట్టిన తెడ్డు, దాని కొసన రెపరెపలాడే తెల్ల తువ్వాలు. ఇటు ఇసకలో చెప్పుల్లేకుండా పరుగెత్తుతున్న ఇల్లాలు. ఆ వెంటనే నవ్వుతున్న ఆమె మొహం. చివరకు పొగలు కక్కే పులుసు.

"మండే ఇసకలో ఆ అమ్మాయి ఎన్నిసార్లు పరుగెత్తిందో! నటన అంటే అదీ," అన్నాడు పెద్దాయన. "ఆ తువ్వాలు ఆలోచన అప్పటికప్పుడు నాకు తట్టింది," అని కూడా అన్నాడు.

గ్రూపులో ఒకటే చప్పట్లు, దండాలు. నేను ఊరుకోలేదు. ఎప్పుడు ఊరుకున్నాను గనక? "ఆ పరుగు మా అత్తది," అని రాశాను. "అప్పటికి నువ్వెంత ఉన్నావే? ఏదో కల కని ఉంటావు," అని మా పెద్దమ్మ కొడుకు పళ్ళికిలించే బొమ్మ ఒకటి పంపాడు.

కల అంటాడేం! వీడియో ఆపి నీడలు చూడమనండి. ప్రకటనలో వినిపించే గొంతు "తెల్లవారింది" అంటుంది. పరుగెత్తే మనిషి నీడ మాత్రం ఆమె కంటే ముందు, సముద్రం వైపు పడి ఉంది. మా సముద్రం తూర్పున ఉంది. పొద్దుటిపూట నీడలు ఊరి వైపు పడతాయి. అది తెల్లవారుజాము కాదు, ఎండ వాలుతున్న వేళ అని మా వైపు పాకే బిడ్డకు కూడా తెలుసు. ఇక రెండోది. కుచ్చెళ్ళు ఎగిరినప్పుడు ఎడమ చీలమండ పైన ఒక మచ్చ కనిపిస్తుంది. అది మచ్చ కాదు, పచ్చబొట్టు. తేలు. ఆ తేలు కొండి మీద వేలు పెట్టుకుని నేను ఎన్ని మధ్యాహ్నాలు నిద్రపోయానో నాకు తెలుసు. మా పెద్దమ్మ కొడుక్కి ఏం తెలుసు?

*

మా నాన్న నాలుగక్షరాలు నేర్చుకుని నెల్లూరు చేరాడు. ఆయన అక్క పాలెంలోనే మిగిలింది. పిల్లలు లేరు. వేసవి సెలవులు రాగానే నన్ను బస్సెక్కించి అక్కడికి పంపేవాళ్ళు. బస్సు ఆగిన చోటి నుంచి సరుగుడు తోపులో నడిచి పోవాలి. ఆ తోపులో గాలి ఒక రకంగా ఊదుతుంది. సముద్రమే ముందుగా అక్కడికి వచ్చి మనకోసం నిలబడిందేమో అనిపిస్తుంది. తోపు దాటగానే ఎండు చేపల వాసన, తడి వలల వాసన, తాటాకు కప్పు మీద ఎండ వాసన. ఆ వాసనలు తగిలాక నెల్లూరు, బడి, ఎక్కాలు అన్నీ ఎవరివో అయిపోయేవి.

అత్త పులుసు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. వంజరం ముక్కలు, పుల్లటి మామిడికాయ, మట్టి దాక. సాయంత్రం వండి, మూత పెట్టి, ఉట్టి మీద పెట్టేది. ఆ పూట ఎవరూ ముట్టుకోకూడదు. మర్నాడు పొద్దున చద్దన్నంలోకి తీస్తే, రాత్రంతా ముక్కా పులుసూ ఒకదానికొకటి ఏమి చెప్పుకున్నాయో గాని, రుచి ఒక్కటైపోయి ఉండేది. నేను చాటుగా ఉట్టి అందుకుని మామిడి ముక్క లాగేదాన్ని. వేళ్ళు వాసన చూసి పట్టేసేది అత్త.

"దొంగముండా, రేపటి దాకా ఆగలేవా?"

"రేపు నేను చచ్చిపోతే?"

"చస్తే నీ వాటా నేను తింటా. పో."

ఆమెకు ఎదురు జవాబు చెప్పడం నేను ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. అయితే ఆమె నన్ను నిజంగా కొట్టింది ఒక్కసారే. పక్కింటి పిల్లలతో కలిసి పడవాట ఆడుతూ, మామ తువ్వాలును ఒక కర్రకు కట్టి ఎత్తాను. జెండా అనుకున్నాను. అత్త వాకిట్లోంచి పరుగున వచ్చి కర్ర లాక్కుని వీపు మీద ఒక్కటిచ్చింది.

"దించు దాన్ని! ఎవురు పోయినారని ఎత్తినావే?"

అప్పుడు తెలిసింది. మా పాలెంలో సముద్రం మీంచి ఎవరూ తువ్వాలు ఎత్తరు. తెడ్డుకు తువ్వాలు కట్టి ఎత్తారంటే పడవలో పోయినవాళ్ళలో ఒకరు తిరిగి రావడం లేదని అర్థం. ఎవరో తెలియదు. పడవ ఒడ్డుకు చేరేదాకా ఆడవాళ్ళందరూ ఆ ఒక్కడి పెళ్ళాలే.

*

ఆ వేసవిలోనే మద్రాసు నుంచి వాళ్ళు వచ్చారు. వ్యానులు తోపు దగ్గరే ఇసకలో దిగబడ్డాయి. మా మామ, ఇంకొందరు మగవాళ్ళు పడవను తోసినట్టే హైలెస్సా అంటూ తోసి లాగారు. ఆ తోపుడులోనే స్నేహం కుదిరింది. సాయంత్రానికల్లా మామ మా ఇంటిని షూటింగుకు ఇచ్చేశాడు. అత్తను అడగలేదు.

ఇప్పుడు గడ్డం పెంచుకుని చెబుతున్న పెద్దాయనే దర్శకుడు. అప్పుడు సన్నగా, టోపీ పెట్టుకుని, మాట మాటకూ "లైట్ పోతుంది, లైట్ పోతుంది" అని ఏడ్చేవాడు. మా వాకిట్లో పేడ కళ్ళాపి చల్లి ఉంటే, అది ముదురుగా ఉందని దాని మీద మళ్ళీ ఎర్రమట్టి చల్లించాడు. వెండిరంగు అట్టలు పట్టుకుని మనుషులు అటూ ఇటూ తిరిగితే ఎండ మా ఇంట్లోకి, ఎన్నడూ రాని మూలల్లోకి వచ్చింది. దేవుడి గూట్లో గంగమ్మ పటం మీద వెలుతురు పడి ఆమె ఉలిక్కిపడినట్టు కనిపించింది. నాకు అదంతా మెలకువలో జరుగుతున్నట్టే లేదు.

హీరోయిన్ కోసం పెట్టె నిండా చీరలు తెచ్చారు. ఏదీ కుదరలేదు. చివరకు దర్శకుడి కన్ను అత్త కట్టుకున్న ఇటుకరంగు నేత చీర మీద పడింది. నెల్లూరికి మనిషిని పంపి అలాంటిదే కొత్తది తెప్పించారు. దాన్ని టీ డికాషన్‌లో ఉడకబెట్టి, ఇసకలో వేసి తొక్కి, ఉప్పుగాలికి ఆరేశారు. ఏళ్ళ తరబడి ఉతికితే గాని రాని పాతదనం ఒక్క పూటలో తెచ్చేశారు. ఎదురింటి ముసలవ్వ నోట్లో పొగాకు పక్కకు తోసి అంది:

"కొత్త కోకకి ముసలితనం తెప్పిస్తుండారు. నాకున్న ముసలితనం దీసేదానికి మందేమన్నా ఉండాదేమో అడగండమ్మే!"

తర్వాత పులుసు వంతు. అత్త ముందురోజే వండి ఉట్టి మీద పెట్టిన దాక తెచ్చి గర్వంగా మూత తీసింది. దర్శకుడు చూసి నొసలు చిట్లించాడు.

"పొగలు రావడం లేదే అమ్మా?"

"నిన్నటి పులుసుకి పొగలెందుకొస్తాయయ్యా? పొగలొచ్చే పులుసు ఎవుడు తింటాడు?"

"చూసేవాళ్ళకు పొగలు కావాలి."

"చూసేవాళ్ళకా, తినేవాళ్ళకా?"

ఆయన దాక వెనకాల అగరొత్తులు గుత్తిగా వెలిగించి పెట్టించాడు. ముక్కలు అడుక్కి పోతున్నాయని నా గాజు గోలీలు అడిగి తీసుకుని, పులుసులో వేసి వాటి మీద ముక్కలు నిలబెట్టించాడు. ముక్కల మీద కుంచెతో నూనె పూశారు. పొయ్యి లేకుండా పొగ, పులుసులో గోలీలు. పాలెం పిల్లలమంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. ఆ అగరొత్తుల వాసన, చేపల పులుసు వాసన కలిస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు ఎవరికి చెప్పినా నమ్మరు. గుడిలో వల ఆరేసినట్టు ఉంటుంది.

చివర్లో ఆయన కెమెరాలోంచి చూసి తల అడ్డంగా ఊపాడు. "రంగు లేదమ్మా. టీ నీళ్ళలాగా ఉంది. ఎర్రగా ఉండాలి."

"మామిడికాయ పులుసు ఇట్టనే ఉంటాది. ఎర్రంగా కావాల్నంటే పారాణి కలుపుకో."

అందరూ నవ్వారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పక్కన నిలబడ్డ మామ, మద్రాసు వాళ్ళ ముందు తానూ ఒక తెలిసినవాడిలా కనిపించాలనుకున్నాడో ఏమో, అన్నాడు: "ఆయన చెప్పేదీ నిజమే గదంటే. నీ పులుసు మొదట్నించీ రవ్వంత నలుపే."

అత్త గరిటె కింద పెట్టింది. మామ వైపు చూసింది. పైట భుజం మీదికి లాక్కుని వెనక గుడిసెలోకి వెళ్ళిపోయింది. ఆ దాకలో ఎర్రరంగు కలిపి, కావలసినంతసేపు తీసుకుని, చివరికి నా గోలీలు నాకు కడిగి ఇచ్చారు. మిగిలింది కుక్కకు పోస్తే అది మూతి పెట్టి చూసి, మా వైపొకసారి చూసి, వెళ్ళిపోయింది.

*

ఆ రోజు నుంచి అత్త మామతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, ఒక్క మాట మాత్రం లేదు. మాటలన్నీ నా మీదుగా నడిచేవి.

"పాపా, మీ మామకి చెప్పు, వడ్డించినా అని."

"మీ అత్తకి చెప్పు పాపా, పప్పులో ఉప్పు తక్కువైందని."

"ఉప్పు కావాల్సినోణ్ణి ముద్ద దీసకపోయి సముద్రంలో ముంచుకోని తినమను."

మూడడుగుల దూరంలో కూర్చున్న ఇద్దరి మధ్య నేను అటు తిరిగి ఒకటి, ఇటు తిరిగి ఒకటి చెప్పేదాన్ని. మొదట సరదాగా ఉండేది. తర్వాత మామ ముద్ద చేతిలో పట్టుకుని ఆమె మొహంకేసి చూస్తూ ఉండిపోవడం చూశాక సరదా పోయింది. ఆయన మాటకారి. పాలెంలో అందరినీ నవ్వించేవాడు. అత్త నవ్వకపోతే ఆయన హాస్యానికి చప్పుడే ఉండదని నాకు అప్పుడే అర్థమైంది. రోజూ పొద్దున వల భుజాన వేసుకుంటూ నాతో అనేవాడు: "ఈ పొద్దు మీ అత్త నాతో మాట్లాడుద్ది, చూస్తా ఉండు."

మాట్లాడేది కాదు.

ఇంతలో దర్శకుడికి మరో చిక్కొచ్చింది. పడవలు పొద్దున వచ్చేటప్పుడు సూర్యుడు వాటి వెనకే ఉంటాడు, కెమెరా కళ్ళలోకి కొడతాడు, పడవలో మొహాలు నల్లగా పడతాయి. అందుకని ఆయన ఉదయాన్ని సాయంత్రానికి మార్చాడు. ఎండ వాలాక పడవ ఊరికే సముద్రంలోకి పోయి, ఊరికే తిరిగి రావాలి. పడవలో మామ, ఇంకో ఇద్దరు. ఒడ్డున టీలో ఉడికిన చీర కట్టుకుని హీరోయిన్. పడవను చూసి ఆమె పరుగెత్తాలి.

"వేటకు కాకుండా పడవ దించుతారంటనే?" అని ముసలవ్వ బుగ్గ నొక్కుకుంది. "సాయంత్రం తెల్లారుద్దంట. ఇంక సూర్యుడికేం పనుంటాది, ఆయన్ని కూడా కూలికి పిలవండి."

ఆ మధ్యాహ్నం మామ అన్నం తిని లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అదే మాట అన్నాడు: "ఈ పొద్దు మీ అత్త నాతో మాట్లాడుద్ది, చూస్తా ఉండు."

"ఎట్టా మామా?"

నా జడ ఒకసారి లాగి వెళ్ళిపోయాడు.

పాలెమంతా ఒడ్డున చేరింది. అత్త రాలేదు. వాకిట్లో కూర్చుని చేపలకు ఉప్పు పట్టిస్తోంది. నేను కెమెరా పక్కనే ఇసకలో గొంతుక్కూర్చున్నాను. నాకు అందరి కంటే దగ్గరగా ఉన్నది ఆ దర్శకుడే, అందుకే చెబుతున్నాను. పడవ దించే ముందు ఆయన వాళ్ళకు చెప్పింది చెయ్యి ఊపమని. తన చెయ్యి ఊపి చూపించాడు. పడవ అలలు దాటి, చిన్నదై, వెనక్కి తిరిగింది. అప్పుడు ఆయన గొట్టం నోటికి పెట్టుకుని అరిచాడు: "చెయ్యి ఊపండి! సంతోషంగా!" గాలి ఎదురుగా వీస్తోంది. ఆ కేక సగం దారిలోనే రాలిపోయి ఉంటుంది.

తర్వాత పడవలో ఒక తెడ్డు లేచింది. దాని కొసన తెల్లగా తువ్వాలు.

అప్పటిదాకా హీరోయిన్‌ను చూసి కిచకిచలాడుతున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి ఆగిపోయారు. షూటింగని అందరికీ తెలుసు. అయితే మాత్రం సముద్రానికి తెలుసా? పడవలో మనుషులు లేచి నిలబడి ఉన్నారో, ఎందరున్నారో, అలల మధ్య ఆ దూరానికి ఆనడం లేదు. తువ్వాలు ఒక్కటే కనిపిస్తోంది. ముసలవ్వ నోట్లోంచి పొగాకు జారిపడింది.

అత్తను ఒడ్డుకు రప్పించింది కేక కాదు, ఆ నిశ్శబ్దం. ఇంత మంది ఉన్నచోట ఇంత నిశ్శబ్దం ఎందుకని వాకిట్లోంచి తలెత్తి చూసి ఉంటుంది. నా పక్కనుంచి గాలి వీచినట్టు ఇటుకరంగు చీర ఒకటి పోయింది. హీరోయిన్ ఇంకా వేడి ఇసక మీద తడి గోనెపట్టా పరిపించుకుని దాని మీదే నిలబడి ఉంది, ఆమెను దాటి పోయింది. చేతులకు ఉప్పు, కాళ్ళకు చెప్పుల్లేవు. పడింది, లేచింది. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి పోయింది. ఆ తేలు తడిసింది. ఆమె ఎవరి పేరూ పిలవలేదు. మొగుడి పేరు చెప్పదు కదా. "ఓయ్, ఓయ్" అంటూ పోయింది, అంతే.

దర్శకుడు ఆపమనలేదు. కెమెరా తిరుగుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. కుట్టుమిషను చప్పుడులా.

పడవ ఒడ్డుకొచ్చింది. ముగ్గురూ ఉన్నారు. మామ చేతిలో తెడ్డు. అత్త ఆయన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. ఆ తర్వాత లాగి చెంప మీద కొట్టింది. చప్పుడు అల మీంచి కూడా వినిపించింది. కొట్టి, ఆ నీళ్ళలోనే కూలబడి, ఉప్పు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. మామ ఆమె పక్కన చతికిలబడ్డాడు. అత్తే ముందు అంది:

"నా పులుసు నలుపా?"

"కాదే. కాదు."

నేను లేకుండా వాళ్ళు మాట్లాడుకోవడం ఎన్నాళ్ళకో విన్నాను.

ఆ చెంపదెబ్బ, ఆ ఏడుపు ప్రకటనలో ఉండవు. ఉండవు గదా మరి. పొడి అమ్ముడుపోవాలి. మర్నాడు మా ఇంటి గోడ పక్కనే నీడలో హీరోయిన్‌ను నిలబెట్టి, ఇద్దరు మనుషులు అట్టలతో విసురుతుంటే ముంగురులు ఎగిరేలా, "నవ్వమ్మా, నీ మొగుడు వచ్చేశాడు, నవ్వు" అని మొహం తీసుకున్నారు. పరుగు అత్తది, నవ్వు ఆమెది. రెంటినీ అతికించారు. అతుకు కనపడదు. పని తెలిసినవాళ్ళు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

తువ్వాలు ఎత్తిన ఆ సాయంత్రమే, పాలెం కట్టుబాట్లు చూసే పెద్దకాపు మామను పిలిపించి, జీవం పోకుండా తువ్వాలు ఎందుకెత్తావని నలుగురిలో అడిగాడు. "సినిమావోళ్ళు ఎత్తమన్నారు," అన్నాడు మామ తల దించుకుని. తలంటు పోసుకుని గంగమ్మకు టెంకాయ కొట్టమన్నారు, కొట్టాడు. అత్త ఆ తువ్వాలును కత్తిపీట మీద పెట్టి ముక్కలు చేసింది. పులుసు దాక దించే మసిగుడ్డలయ్యాయి అవి. మళ్ళీ ఎన్నడూ ఆ ఇంట్లోంచి తెల్ల తువ్వాలు సముద్రం మీదికి పోలేదు.

కొన్నాళ్ళకు నెల్లూరు సినిమా హాల్లో అత్త, మామ, నేను ముగ్గురం పక్కపక్కనే కూర్చుని ఆ ప్రకటన చూశాం. పరుగు రాగానే జనం ఈలలు వేశారు. చీకట్లో అత్త చెయ్యి కిందికి పోయి, కుచ్చెళ్ళు చీలమండ మీదికి లాక్కుంది.

*

ఇప్పుడు ఆ తోపు లేదు. ఆ చోట రొయ్యల గుంటలు, రాత్రీ పగలూ నీళ్ళు చిమ్మే చక్రాలు. పాలెం రోడ్డు దాకా వెనక్కి జరిగింది. మామ సముద్రం మీద పోలేదు, మంచంలోనే పోయాడు, గుండె ఆగి. ఒక్క ఫొటో కూడా సరైనది లేదు. రేషన్ కార్డు మీద ఉన్నది మొహమో, మరకో చెప్పలేం.

గ్రూపులో పోట్లాట తెగక, నేను బస్సెక్కి అత్త దగ్గరికే పోయాను. సాక్ష్యం కావాలి నాకు. అరుగు మీద కూర్చోబెట్టి ఫోను చేతికిచ్చి వీడియో పెట్టాను.

"ఇదో, ఈ కాళ్ళు నీవి గదా అత్తా? చెప్పు, రికార్డు చేసి వాళ్ళ మొహాన కొడతా."

ఆమె కాళ్ళ వైపు చూడనే లేదు. "మొదట్నించీ పెట్టు," అంది. పెట్టాను. "ఇంగోసారి." మళ్ళీ పెట్టాను. పడవ రాగానే వేలితో ముట్టుకోబోయింది. ముట్టుకోగానే బొమ్మ ఆగిపోయింది. సముద్రం ఆగింది, పడవ ఆగింది, తువ్వాలు గాల్లో అలాగే నిలిచింది. కింద వేలిగోరంత మనిషి.

"ఎంత సన్నంగా ఉండాడో చూడు," అంది. "నేను తిండి పెట్టలేదనుకుంటారు."

నేను ఇక ఆగలేకపోయాను. "అత్తా, ఆ దర్శకుడు చెయ్యి ఊపమనే చెప్పినాడు. నేను చెవులారా విన్నా. తువ్వాలు నా ఆలోచన అని ఇప్పుడు కోస్తుండాడు. మామేమో వాళ్ళే ఎత్తమన్నారని పెద్దకాపుకి చెప్పినాడు. నువ్వెప్పుడన్నా మామని అడిగినావా?"

"అడగలా."

"ఇన్నేళ్ళూనా? ఎందుకడగలా?"

"అడిగితే చెప్తాడు గదా," అంది అత్త, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆమెకు అది చాలు. నాకు చాలదు, చాలిందని చెప్పే స్వభావం కాదు నాది. ఎండకు తెర మసకబారుతుంటే ఆమె పైటకొంగు అడ్డం పెట్టుకుని, ఆ వేలిగోరంత మనిషికి నీడ పట్టింది. నేను పక్కన కూర్చుని, ఆ తెడ్డు ఎత్తినవాణ్ణే మనసులో నిలదీశాను.

మామా, పొట్టకూటికి ఎవరో నటించమన్నందుకు ఎత్తావా ఆ తువ్వాలు, లేక నీ పెళ్ళాం నీకోసం పరుగెత్తుతుందో లేదో చూద్దామని ఎత్తావా?